గుర్రపుడెక్కను నీళ్ళలో కుళ్ళబెట్టొద్దు – పొలానికి పంపుదాం!

కాలిఫోర్నియా డెల్టా నీళ్ళు తాగే తెలుగువాళ్ళందరికీ విజ్ఞప్తి



మీరు ఫ్రీమాంట్‌లో ఉన్నా, శాన్ హోసేలో ఉన్నా, డబ్లిన్, ప్లెజంటన్, లివర్‌మోర్, మిల్పిటస్, మౌంటెన్ హౌస్‌లలో ఎక్కడున్నా ఈ కాగితం మీ కోసమే. ఒక్క పది నిమిషాలు కేటాయించి చివరిదాకా చదవండి.

పొద్దున్నే మీరు కొళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఎంతో కొంత శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టా నుంచి వచ్చినవే. ట్రేసీ, బైరన్ ఊళ్ళ దగ్గరున్న భారీ పంపులు ఆ నీటిని తోడి కాలువల్లోకి ఎత్తిపోస్తాయి. అందులో ఒక పాయ సౌత్ బే అక్విడక్ట్. అది 1960ల నుంచి లివర్‌మోర్ లోయకూ, ఫ్రీమాంట్ ప్రాంతానికీ, శాంటా క్లారా కౌంటీకీ నీళ్ళిస్తోంది. మౌంటెన్ హౌస్‌కు వచ్చేవీ డెల్టా నీళ్ళే. రాష్ట్రం మొత్తం మీద రెండున్నర కోట్ల మందికి పైగా ఈ నీటి మీద ఆధారపడి ఉన్నారు. లక్షల ఎకరాల బాదం, టమాటా, ద్రాక్ష, పశుగ్రాసం ఈ నీటితోనే పండుతున్నాయి.

ఆ నీటి మీద ఇవాళ గుర్రపుడెక్క పరుచుకుని ఉంది.

ఈ మొక్క మనకు కొత్త కాదు

బందరు కాలువ, ఏలూరు కాలువ పక్కన పెరిగినవాళ్ళకు దీని సంగతి చెప్పనక్కర్లేదు. కొల్లేటి లంకల వాళ్ళకూ, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్‌నూ మూసీనీ చూసినవాళ్ళకూ ఇది బాగా తెలుసు. ఊదారంగు పువ్వు, ఉబ్బిన కాడ, నీళ్ళ మీద తేలే పచ్చటి చాప. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ వాతావరణం అనుకూలిస్తే ఒకటి రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నిండుగా అల్లుకుంటే ఒక్క ఎకరం నీటి మీద 200 టన్నుల దాకా పచ్చి బరువు తూగుతుంది. కిందికి వెలుతురు దిగదు, గాలి దిగదు. చేపకు ఊపిరాడదు. నీటి పారుదల మందగించి దోమలు చేరతాయి.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. 1884లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శన ద్వారా ఇది అమెరికా ఇళ్ళ కొలనుల్లోకి వచ్చిందని చెబుతారు. 1890ల నాటికే ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది మీద పడవలు కదలనివ్వలేదు. 1899లో అమెరికన్ కాంగ్రెస్ ఈ మొక్కను తీసేసే పనిని సైన్యపు ఇంజినీర్లకు అప్పగించింది. 1910లో లూసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రుసార్డ్ ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెచ్చి దీన్ని మేపుదామని బిల్లు పెట్టారు. అది ఆమోదం పొందలేదు. ఒక్క మొక్క ఒక దేశాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్పడానికి ఆ బిల్లే సాక్ష్యం. మన దేశమూ దీని నుంచి తప్పించుకోలేదు. 1936లో బెంగాల్‌లో గుర్రపుడెక్క నిర్మూలన కోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

కాలిఫోర్నియాలో దీన్ని మొదట గుర్తించింది 1904లో, యోలో కౌంటీలో. 1982లో రాష్ట్రం డెల్టాలో దీని నియంత్రణ బాధ్యతను పడవలు, జలమార్గాల విభాగానికి చట్టం ద్వారా అప్పగించింది. అయినా 2014 కరువులో నీటి ప్రవాహం తగ్గగానే స్టాక్‌టన్ రేవు చుట్టూ చాపలు చాపలుగా అల్లుకుపోయింది. రేడార్ మీద నీరేదో నేలేదో తేలక రాత్రివేళ ఓడల రాకపోకలకు ఆటంకం కలిగింది. ఇప్పటికీ శరదృతువు గాలులకు తెగి కొట్టుకొచ్చిన తెప్పలు ట్రేసీ పంపుల దగ్గర జల్లెడలకు అడ్డం పడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి?

డెల్టాలో దీనికి ప్రధానంగా వాడుతున్న మార్గం కలుపు మందు. వేసవి పొడుగునా పడవల మీద తిరుగుతూ గ్లైఫోసేట్, 2,4-డి లాంటి మందులు కొడతారు. చేపల రక్షణ చట్టాలకు, నీటి నాణ్యత నిబంధనలకు లోబడే కొడతారు. ఆ పని చేసే సిబ్బంది మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళు లేకపోతే మన పంపులు ఏనాడో ఆగిపోయేవి. దీన్ని తినే ముక్కుపురుగులను 1980లలోనే డెల్టాలో వదిలారు. మరో రకం పురుగును 2011లో వదిలారు. అవి పనిచేస్తున్నాయి, కానీ మొక్క పెరిగే వేగాన్ని అందుకోలేకపోతున్నాయి.

మరి మందు కొట్టిన మొక్క ఏమవుతుంది? వాడుతుంది, మునుగుతుంది, అడుగున కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలో ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తన ఒంట్లో ఉన్న నత్రజనినీ భాస్వరాన్నీ మళ్ళీ అదే నీటికి వదిలేస్తుంది. ఆ సత్తువ తిని మరుసటి ఏడు కొత్త మొక్క పెరుగుతుంది. వేసవిలో స్టాక్‌టన్ ఒడ్డున నీరు పచ్చటి పెయింటులా మారి విషపు నాచు కట్టేది కూడా అలాంటి సత్తువ మీదే.

ఇక్కడ మనం ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ నత్రజని, ఆ భాస్వరం నీళ్ళలోకి ఎక్కడినుంచి వచ్చాయి? పొలాల్లో చల్లిన ఎరువు నుంచి, పశువుల కొట్టాల నుంచి, ఊళ్ళ మురుగు నుంచి, మన ఇళ్ళ ముందు పచ్చిక బయళ్ళ నుంచి. రైతు డబ్బు పోసి కొన్న ఎరువులో కొంత భాగం నీటితో కొట్టుకుపోయి నదిలో చేరింది. నదిలో చేరినదాన్ని గుర్రపుడెక్క ఏరి తన ఆకుల్లో, వేళ్ళలో దాచింది. అలా దాచినదాన్ని మనం మందు కొట్టి మళ్ళీ నదిలోకే ఒంపుతున్నాం. పక్కనే ఉన్న రైతు మాత్రం మళ్ళీ కొత్త ఎరువు కొంటున్నాడు.

ఈ గొలుసును తెంచాలి. నీళ్ళలోకి పోయిన సత్తువను తిరిగి నేలకు చేర్చాలి. ఈ కరపత్రం చెప్పేది ఇంతే.

మన ఊళ్ళు ఈ దారి చూపించాయి

చెరువులో పేరుకున్న ఒండ్రును వేసవిలో బండ్ల మీద పొలానికి తోలడం మన తాతల నాటి అలవాటు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతోనే పొలాలకు తోలుకున్నారు. చెరువు బాగుపడింది, చేనూ బాగుపడింది. జీలుగ, జనుము కలియదున్ని, గానుగ ఆకు తొక్కించి వరి పండించిన నేల మనది. చివికిన పశువుల ఎరువు విలువ తెలిసిన ఇళ్ళలోనే మనలో చాలామంది పుట్టాం.

అమెరికా సేంద్రియ సేద్యానికి కూడా మన దేశంతో చుట్టరికం ఉంది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రవేత్త మన రైతుల పద్ధతులను చూసి, పరీక్షించి, ఇండోర్ కంపోస్టు పద్ధతిని ఒక దారిలో పెట్టారు. ఆయన రాతలు చదివి ప్రభావితుడైన జె.ఐ. రొడేల్ 1942లో పెన్సిల్వేనియా నుంచి సేంద్రియ వ్యవసాయ పత్రిక మొదలుపెట్టారు. ఈ దేశంలో సేంద్రియ సేద్యం అన్న మాట ఇంటింటికీ చేరడంలో ఆ పత్రికది పెద్ద పాత్ర.

గుర్రపుడెక్కకు ఉపయోగం ఉందన్న మాట కూడా ఈ గడ్డ మీద కొత్తది కాదు. 1970లలో మిసిసిపీలోని నాసా కేంద్రంలో బిల్ వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త ఈ మొక్కతో మురుగునీటిని శుభ్రం చేయించి చూపారు. పెరిగిన మొక్క నుంచి గ్యాస్, ఎరువు తీయవచ్చని అప్పుడే పరిశోధించారు. యాభై ఏళ్ళ కిందటే విజ్ఞానం దారి చూపింది. ఆ దారిన నడవాల్సింది మనమే.

ఇందులో ఎంత సత్తువ ఉంది?

లేనిపోని ఆశలు పెట్టం. లెక్క ఉన్నదున్నట్టు చెబుతాం.

పచ్చి గుర్రపుడెక్కలో 90 నుంచి 95 శాతం నీరే. 100 టన్నులు ఒడ్డుకు లాగితే ఎండాక మిగిలేది 5 నుంచి 10 టన్నులు. ఎండినదాంట్లో సుమారు 2 శాతం నత్రజని ఉంటుందనుకుంటే 5 టన్నులకు 100 కిలోల నత్రజని. అంటే మన ఊళ్ళో దొరికే 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు అయిదింటికి సమానం. పొటాష్ నత్రజని కంటే ఎక్కువే ఉంటుంది. భాస్వరం కొద్దిగా ఉంటుంది.

అయిదు బస్తాలేనా అని తేలిగ్గా తీసేయకండి. యూరియా బస్తాలో నత్రజని ఒక్కటే ఉంటుంది. కంపోస్టులో నేలకు కావలసిన సేంద్రియ పదార్థం ఉంటుంది. శాన్ వాకీన్ లోయలో చాలా నేలల్లో సేంద్రియ పదార్థం ఒక శాతం కంటే తక్కువ. అలాంటి నేల నీటిని పట్టి ఉంచలేదు, వేసిన ఎరువునూ నిలుపుకోలేదు. ఆ ఎరువు కిందికి దిగి బావుల్లో నైట్రేట్‌గా తేలుతోంది. తులారీ బేసిన్, సలీనాస్ లోయల్లో సుమారు రెండున్నర లక్షల మంది తాగునీటికి నైట్రేట్ ముప్పు ఉందని 2012లో యూసీ డేవిస్ నివేదిక చెప్పింది. ఆ నైట్రేట్‌లో 96 శాతం సాగుభూముల నుంచే వచ్చిందని తేల్చింది. అక్కడ కూలి పని చేసుకునే కుటుంబాలు సీసా నీళ్ళు కొనుక్కుని తాగుతున్నాయి. నేలకు కంపోస్టు పెట్టడం వాళ్ళ మంచినీటికి కూడా సంబంధించిన విషయం.

ఎలా చేయాలి?

దీనికి కొత్త విజ్ఞానం అవసరం లేదు. పద్ధతి ఇది.

ఒకటి, పూత రాకముందే లాగాలి. విత్తనం పడితే బురదలో 15–20 ఏళ్ళు బతికి ఉండగలదు. వసంతంలో, వేసవి మొదట్లో, చాపలు చిన్నవిగా ఉన్నప్పుడే కోత యంత్రాలతో ఒడ్డుకు చేర్చాలి. నీళ్ళలోనే ముక్కలు చేసి వదిలేయకూడదు. 2000ల మొదట్లో డెల్టాలో అలాంటి యంత్రాలను పరీక్షించారు. కొన్ని ముక్కలు తిరిగి చిగురించాయి. తెగిన మొక్క నీళ్ళలోనే కుళ్ళితే మళ్ళీ మొదటికే వస్తాం.

రెండు, ఒడ్డునే వాడ్చాలి. కాలిఫోర్నియా వేసవి ఎండ దీనికి పెద్ద వరం. పల్చగా పరిచి తిరగేస్తే సగానికి పైగా బరువు అక్కడే పోతుంది. కారిన నీరు తిరిగి నదిలోకి పోకుండా గట్టు కట్టాలి.

మూడు, ఎండు సరుకుతో కలపాలి. గుర్రపుడెక్క ఒక్కటే కుప్ప పోస్తే జిగటగా కుళ్ళి కంపు కొడుతుంది. చెక్క పొట్టు, బాదం తొక్కు, వరిగడ్డి కలిపితే గాలి ఆడుతుంది, కుప్ప వేడెక్కుతుంది. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే ఎండు సరుకు చాలలేదని అర్థం.

నాలుగు, వేడిని కొలవాలి. బారు కుప్పలుగా పోసి, లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్, అంటే 131 డిగ్రీల ఫారెన్‌హైట్‌కు తగ్గకుండా 15 రోజులు ఉంచాలి. ఆ రోజుల్లో కనీసం అయిదుసార్లు తిరగేయాలి. కాలిఫోర్నియా కంపోస్టు నిబంధన ఇదే. రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు, వేరు ముక్కలు చావాల్సింది ఈ వేడికే.

అయిదు, మాగనివ్వాలి, పరీక్షించాలి. కొన్ని నెలలు మాగాక ప్రతి విడతనూ ల్యాబ్‌కు పంపి లవణాలు, భార లోహాలు చూసి, ఆ కాగితం ఉన్నాకే పొలానికి వదలాలి.

ఎండు సరుకు ఎక్కడినుంచి అంటారా? మన చుట్టూ గుట్టలుగా ఉంది. ప్రపంచపు బాదంలో సుమారు 80 శాతం కాలిఫోర్నియాదే. ఒక్కో తోటను సుమారు పాతికేళ్ళకోసారి పీకుతారు. మొన్నటిదాకా ఆ చెట్లను చాలాచోట్ల తగలబెట్టేవాళ్ళు. శాన్ వాకీన్ లోయలో 2025 జనవరి నుంచి ఆ తగలబెట్టడాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు. శాక్రమెంటో లోయలో వరిగడ్డి కాల్చడాన్ని 1991 చట్టంతోనే కట్టడి చేశారు. ఇటు పచ్చి సరుకు నదిలో పేరుకుపోతోంది, అటు ఎండు సరుకు గట్టు మీద పేరుకుపోతోంది. రెండింటి మధ్య దూరం కొద్ది మైళ్ళే. రెండూ కలిస్తే ఎరువు.

మీకు వచ్చే సందేహాలు, మా జవాబులు

*"ఈ మొక్క పొలంలో మళ్ళీ మొలవదా?"* ఇది నీటి మొక్క. ఎండు నేల మీద నిలవదు. అసలు భయం దారిలోనూ, కాలువ గట్ల మీదా రాలిపోయే ముక్కలతో. అందుకే కప్పిన లారీలు, దగ్గర్లోనే కుప్పలు, కొలిచిన వేడి తప్పనిసరి అంటున్నాం.

*"డెల్టా బురదలో పాదరసం ఉందంటారు కదా?"* నిజమే. 1849 బంగారు వేట నాటి నుంచి గనుల్లో వాడిన పాదరసం నదుల వెంట వచ్చి డెల్టాలో చేరింది. శాన్ హోసే పక్కనున్న న్యూ అల్మడెన్ పాదరసపు గనులు ఆ చరిత్రలో భాగమే. గుర్రపుడెక్క లోహాలను పీలుస్తుంది, ఆకుల కంటే వేళ్ళలో ఎక్కువ దాస్తుంది. కాబట్టి ప్రతి విడతకూ పరీక్ష ఉండాలి. పరీక్షలో నిలవని విడత తిండి పంటకు పోకూడదు. ఇందులో రాజీ లేదు.

*"మందు కొట్టిన మొక్క సంగతేమిటి?"* దాన్ని కంపోస్టుకు వాడకూడదు. అందుకే కోత కోసే పాయలు వేరుగా, మందు కొట్టే పాయలు వేరుగా ముందే గీత గీయమని అడుగుతున్నాం. యంత్రం పోలేని ఇరుకు పాయల్లో మందు తప్పకపోవచ్చు. రేవులు, పంపుల ముంగిళ్ళు, పడవ రేవుల దగ్గర యంత్రం పోగలదు. అక్కడ కోతే జరగాలి.

*"ఖర్చు ఎక్కువ కాదా?"* ఎకరానికి లెక్కేస్తే మందు కంటే కోత ఖర్చే ఎక్కువ. నూటికి తొంభై పాళ్ళు నీరున్న సరుకును దూరం మోస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. అందుకే ఒడ్డునే వాడ్చి, అయిదు పది మైళ్ళ లోపలే కుప్ప వేయమంటున్నాం. లెక్క సరిగ్గా వేయాలంటే నీటిలోంచి బయటికి తీసిన నత్రజని, భాస్వరాల విలువ కూడా అందులో చేరాలి. కంపోస్టు అమ్మగా వచ్చే డబ్బూ, కాల్చకుండా మిగిలిన చెక్క విలువా చేరాలి. ఇవాళ ఆ లెక్క ఎవరూ వేయడం లేదు. వేయించడమే మన మొదటి పని.

చట్టం మన పక్షాన ఉంది

కాలిఫోర్నియాలో ఎస్‌బీ 1383 అనే చట్టం 2016లో వచ్చింది. 2022 జనవరి 1 నుంచి దాని నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మీ ఇంటి ముందు ఆకుపచ్చ డబ్బాలో కూరగాయల తొక్కు వేయమన్నది ఈ చట్టమే. అదే చట్టం ఊళ్ళ మీద ఇంకో బాధ్యత పెట్టింది. ప్రతి నగరమూ, కౌంటీ తన జనాభాలో మనిషికి 0.08 టన్నుల చొప్పున సేంద్రియ వ్యర్థానికి సరిపడే కంపోస్టును గానీ, అలాంటి ఇతర ఉత్పత్తులను గానీ ఏటా సేకరించి వాడాలి. లక్ష జనాభా ఉన్న ఊరికి అది 8,000 టన్నుల వ్యర్థంతో సమానం. అంటే కొనే చేతులు చట్టం ప్రకారమే సిద్ధంగా ఉన్నాయి.

రైతుకూ తోడుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ 2017 నుంచి నడుపుతున్న హెల్దీ సాయిల్స్ కార్యక్రమం పొలానికి కంపోస్టు వేసే రైతులకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. స్టాక్‌టన్‌లో యూసీ వ్యవసాయ విస్తరణ కార్యాలయం ఉంది. మౌంటెన్ వ్యూ పక్కనున్న నాసా ఏమ్స్ కేంద్రం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో డెల్టాలో గుర్రపుడెక్క ఎక్కడుందో పటాలు గీసి చూపారు. మొక్క ఎక్కడుందో తెలుసు. ఎరువు ఎలా చేయాలో తెలుసు. ఎవరు కొనాలో చట్టం చెప్పింది. వీటన్నిటినీ కలపమని గట్టిగా అడిగే జనం కావాలి. ఆ జనం మనమే కావాలి.

మనం అడగాల్సినవి

1. డెల్టాలో యంత్రంతో కోయగలిగిన పాయలను గుర్తించి, అక్కడ మందు ఆపి, పూతకు ముందే కోయాలి.

2. కోసిన మొక్కను చెత్తగుట్టలకు పంపకూడదు, నీళ్ళలో వదలకూడదు. అనుమతి ఉన్న కంపోస్టు కేంద్రాలకు పంపాలి.

3. శాన్ వాకీన్ కౌంటీలో ఒక ప్రయోగ కేంద్రం పెట్టాలి. కనీసం మూడు పంట కాలాలు నడపాలి. ఖర్చు, దిగుబడి, లోహాల పరీక్షల ఫలితాలన్నీ జనం ముందు పెట్టాలి.

4. ఎస్‌బీ 1383 కింద మన ఊళ్ళు చేసే కంపోస్టు కొనుగోళ్ళలో ఈ కంపోస్టుకు చోటివ్వాలి. అందులో కొంత భాగం డెల్టా చుట్టుపక్కల చిన్న రైతులకు చేరాలి.

5. నీటి సంస్థలు తమ పంపుల దగ్గర తీసే గుర్రపుడెక్క ఎంతో, అది ఎక్కడికి పోతోందో ఏటా ప్రకటించాలి.

మీరు చేయాల్సినవి

సిటీ కౌన్సిల్‌లో మాట్లాడండి. ప్రతి సమావేశంలో ప్రజలు మాట్లాడటానికి సమయం ఉంటుంది. సాధారణంగా రెండు మూడు నిమిషాలు ఇస్తారు. పౌరసత్వం ఉన్నా లేకున్నా, హెచ్-1 మీద ఉన్నా, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలైనా మాట్లాడవచ్చు. ఇంతే చెప్పండి: "మేం ఈ ఊరివాళ్ళం. మా కొళాయి నీళ్ళు డెల్టా నుంచి వస్తున్నాయి. అక్కడ పెరిగే గుర్రపుడెక్కను పరీక్షించిన కంపోస్టుగా మార్చే ప్రయత్నానికి మన ఊరు మద్దతు ఇవ్వాలి. ఎస్‌బీ 1383 కింద మనం కొనే కంపోస్టు ఎక్కడినుంచి వస్తోందో చెప్పండి." ఒక్కరు లేస్తే మర్యాదగా విని ఊరుకుంటారు. ఒకే సాయంత్రం ఇరవై మంది లేస్తే అజెండాలో పెడతారు.

ఉత్తరం రాయండి. మీ అసెంబ్లీ సభ్యులకు, సెనేటర్‌కు, మీ నీటి సంస్థ బోర్డుకు పైన చెప్పిన అయిదు కోరికలూ ఇంగ్లీషులో రాసి పంపండి. నీటి బోర్డు సభ్యులను మనమే ఓటేసి ఎన్నుకుంటాం. వాళ్ళ ఎన్నికల్లో ఓటు వేసేవాళ్ళు తక్కువ. మన ఓటుకు అక్కడ బలం ఎక్కువ.

పెరటి తోట ఉన్నవాళ్ళు గోంగూరకూ, బీరకూ, దోసకూ పరీక్షించిన కంపోస్టే వాడండి. సంచి మీద అమెరికా కంపోస్టు మండలి పరీక్షా ముద్ర ఉందో లేదో చూడండి. పచ్చికకు అవసరానికి మించి ఎరువు చల్లకండి, వాన ముందు అసలే చల్లకండి. ఆ ఎరువు చేరేది నీళ్ళలోకే.

దయచేసి ఇది మాత్రం చేయకండి. ఉత్సాహం కొద్దీ మీరే వెళ్ళి గుర్రపుడెక్క పీకి కారులో ఇంటికి తేకండి. ఇంటి కుప్ప చాలినంత వేడెక్కదు. దారిలో రాలిన ముక్క ఇంకో వాగును పాడు చేస్తుంది. నారింజ తోటలకు తెగులు పాకుతుందని కరివేపాకు మొక్కను క్వారంటైన్ హద్దు దాటించకూడదని మనకు తెలుసు. ఈ జాగ్రత్త కూడా అలాంటిదే. అక్వేరియంలోని మొక్కను, నీటిని కాలువలో ఒంపకండి. మన చెరువుల్లో మామూలుగా పెరిగే హైడ్రిల్లా నాచు 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారానే ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సులను కమ్మేసింది. 1976లో కాలిఫోర్నియాలో కనబడినప్పటి నుంచి రాష్ట్రం దాన్ని ఏరిపారేయడానికి పాటుపడుతూనే ఉంది. అమెజాన్ మొక్క మన దేశానికి చేటు చేసింది, మన చెరువుల మొక్క అమెరికాకు చేటు చేసింది. అందరం కలిసి సరిదిద్దుకోవాలి.

విద్యార్థులారా, మీ సైన్సు ఫెయిర్‌కు దీన్ని ఎంచుకోండి. అనుమతి ఉన్న చోట నుంచి, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో సరుకు తీసుకుని, కంపోస్టు వేసిన కుండీకీ వేయని కుండీకీ తేడా కొలవండి. మీ ఫలితాలను కౌన్సిల్ ముందు పెట్టండి. పిల్లల మాటను పెద్దలు శ్రద్ధగా వింటారు.

ఇంజినీర్లారా, ఒడ్డున నీటిని పిండే యంత్రం, కుప్ప వేడిని ఎప్పటికప్పుడు చెప్పే పరికరం, ఉపగ్రహ చిత్రం చూసి కోత ఎక్కడ మొదలెట్టాలో చెప్పే ప్రోగ్రాం ఈ పనికి కావాలి. రోజూ అంతకంటే చిక్కు పనులు చేస్తున్నారు. వారాంతంలో రెండు గంటలు దీనికివ్వండి.

తెలుగు సంఘాల పెద్దలారా, ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు వందలమందిని ఒకచోట చేరుస్తున్నారు. వేదిక మీద అయిదు నిమిషాలు ఈ మాటకు ఇవ్వండి. బతుకమ్మను మనం నీటికే అప్పగిస్తాం. ఆ నీటి బాగు చూడటం కూడా ఆ పండుగలో భాగమే. ఏటా సెప్టెంబరు మూడో శనివారం కాలిఫోర్నియా అంతటా జరిగే తీర శుభ్రతా దినం డెల్టా ఒడ్డునా జరుగుతుంది. మన జట్లు అక్కడ కనబడాలి.

బాదం, ద్రాక్ష, కూరగాయల తోటలున్న తెలుగు రైతులారా, ప్రయోగ కేంద్రం వస్తే మీ పొలంలో ఒక ఎకరం ఇవ్వడానికి ముందుకు రండి. పక్క రైతు నమ్మేది కాగితాన్ని కాదు, మీ చేను చూసి నమ్ముతాడు.

చివరి మాట

మనం ఈ గడ్డ మీద ఇళ్ళు కొన్నాం, పిల్లల్ని పెంచుకుంటున్నాం, పన్నులు కడుతున్నాం. ఈ నీళ్ళు తాగుతున్నాం. నీళ్ళ బాగోగులు వేరెవరో చూసుకుంటారని ఊరుకునే హక్కు మనకు లేదు. కృష్ణా గోదావరి డెల్టాల బిడ్డలకు, చెరువుల కింద సాగు చేసిన ఊళ్ళ బిడ్డలకు నీటికీ నేలకూ ఉన్న బంధం ఒకరు నేర్పనక్కర్లేదు. ఆ తెలివిని మనతో పాటు ఇక్కడికి తెచ్చుకున్నాం. దాన్ని ఈ ఊరి కోసం వాడదాం.

ఈ కాగితాన్ని పారేయకండి. చదివాక పక్కింటివాళ్ళకు ఇవ్వండి. ఇంగ్లీషు, స్పానిష్, పంజాబీ మాట్లాడే ఇరుగుపొరుగుకు చదివి వినిపించండి. ఈ నెలలో జరిగే మీ సిటీ కౌన్సిల్ సమావేశం తేదీ ఇవాళే చూసి, క్యాలెండర్‌లో రాసుకుని, ఇంటిల్లిపాదీ రండి.

నదిలో పేరుకున్న సత్తువ నేలకు చేరాలి!
కోసిన గుర్రపుడెక్క కంపోస్టు కావాలి!
పరీక్షించిన ఎరువు రైతు చేతికి అందాలి!

— డెల్టా నీళ్ళు తాగే తోటి తెలుగువాళ్ళం